కార్డు మీద ఎర్ర స్టిక్కర్ పడితే: హై రిస్క్ గర్భిణికి స్పెషలిస్టు వైద్యం, మొదటి చెకప్ నుంచి బాలింత రోజుల దాకా

మా చెల్లి ఫైల్ మీద డాక్టరమ్మ "హై రిస్క్" అని రాసిన రోజు, అది బయటికొచ్చి నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట "బిడ్డకేమన్నా అవుతుందా అక్కా?" అని. రెండో మాట "అత్తయ్యగారికి చెప్పాలా, వద్దా?" అని. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి వెంటనే చెప్పాను: చెప్పు. ఇంట్లో ఎవరికీ తెలియకపోతే అర్ధరాత్రి బండి ఎవరు తెస్తారు?

దానికి 36 ఏళ్ళు, తొలి కాన్పు, పెళ్ళికి ముందు నుంచే బీపీ మాత్ర. ఆ తర్వాత ఆరు నెలలు ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. నేను చూసినంతలో ఇలాంటి కేసుల్లో చిక్కంతా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారే దగ్గర వస్తుంది. ఊరు మారినప్పుడు, డాక్టరు మారినప్పుడు, "ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నప్పుడు. అందుకే ఈ మార్గదర్శిలో ఆ మారే చోట్ల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మందులూ డోసులూ మీ డాక్టరు చెప్పాల్సినవే. ఏ మందు సంగతి ఎప్పుడు అడగాలో మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు వారాల లెక్క నేర్చుకోండి

మన ఇళ్ళల్లో నెలల లెక్క. "ఏడో నెల పడింది" అంటే ఆరు నిండి ఏడులోకి వచ్చిందని. కొందరు పెద్దవాళ్ళు నెల తప్పిన దగ్గర్నుంచి లెక్క మొదలుపెడతారు, కొందరు అంతకు ముందు నెల నుంచి. అలా ఒకే మనిషికి ఇంట్లో ఇద్దరు రెండు నెలలు చెబుతారు. మామూలు కాన్పుకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. హై రిస్క్ కేసులో మాత్రం వైద్యమంతా వారాల మీదే నడుస్తుంది. 16 వారాల లోపు మొదలుపెట్టాల్సిన మాత్ర ఉంది, 28వ వారంలో వేయాల్సిన ఇంజెక్షన్ ఉంది, 34 వారాలు నిండాయా లేదా అన్నదాన్ని బట్టి మారే నిర్ణయాలున్నాయి.

లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అది సరిగ్గా గుర్తులేకపోతే మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే ఆధారం. ఆ స్కాన్‌తో ఖాయం చేసిన డ్యూ డేట్ తర్వాత మారదు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఏడో నెల స్కాన్ రిపోర్టులో మెషీన్ ఇంకో డ్యూ డేట్ అచ్చు వేసి ఇస్తుంది. అది బిడ్డ సైజును బట్టి మెషీన్ వేసిన అంచనా మాత్రమే. "డేటు వెనక్కి జరిగింది" అని సంతోషించకండి, బిడ్డ ఎదుగుదల తగ్గిందేమో అడగండి.

మొదటి స్కాన్ డ్యూ డేట్‌ను ఫైల్ అట్ట మీద మార్కర్‌తో పెద్దగా రాయండి. ఫోన్ క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం "ఇన్ని వారాలు" అని పెట్టుకోండి.

2. రిస్క్ ఎక్కడుందో పేరుపెట్టి రాయించుకోండి

"హై రిస్క్" అని ఊరికే రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. దేనివల్ల అన్నది ముఖ్యం. 12 వారాల లోపే మొదటి చెకప్‌కు వెళ్ళి బీపీ, బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగర్, థైరాయిడ్, మూత్రం, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోండి. పల్లెలో అయితే ఆశా కార్యకర్తకు చెబితే ఏఎన్‌ఎం పేరు నమోదు చేసి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు. ప్రైవేటులో చూపించుకునేవాళ్ళు కూడా ఈ కార్డు తీసుకోండి. అర్ధరాత్రి ప్రభుత్వాసుపత్రికి పోవాల్సి వస్తే చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

సాధారణంగా రిస్క్ కింద చూసేవి: 18 ఏళ్ళ లోపు లేదా 35 దాటిన వయసు, 140 సెంటీమీటర్ల లోపు ఎత్తు, తీవ్ర రక్తహీనత, బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె జబ్బు, ఫిట్స్, కిడ్నీ జబ్బు, నెగెటివ్ బ్లడ్ గ్రూపు, కవలలు, ముందు సిజేరియన్, ముందు కాన్పులో బిడ్డ పోవడం, వరుసగా అబార్షన్లు, మాయ కిందికి ఉండటం.

ఇవి కాక, అడిగితే తప్ప మనవాళ్ళు చెప్పని సంగతులు రెండున్నాయి. ఒకటి మేనరికం. మేనమామనో మేనబావనో చేసుకుని ఉంటే మొదటి చెకప్‌లోనే చెప్పండి. రెండు కుటుంబాల్లో తలసీమియా, సికిల్ సెల్, పుట్టు చెవుడు, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఉంటే అదీ చెప్పండి. ఏజెన్సీ ప్రాంతాల వాళ్ళకు సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరి అనుకోండి. రెండోది ముందు జరిగిన అబార్షన్లు. అత్తగారు పక్కన కూర్చుంటే ఈ మాట నోట్లోంచి రాదు. అలాంటప్పుడు "బరువు చూడాలి" అంటూ నర్సు లోపలికి పిలిచినప్పుడు నర్సుకి చెప్పండి. నర్సులకు ఇది కొత్త కాదు.

ఇప్పటికే వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్ళండి, పేర్లు కాదు, మాత్రల అట్టలే. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు గర్భంలో పనికిరావు, వాటి బదులు లాబెటలాల్ లాంటివి ఇస్తారు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, గుండె వాల్వు మార్చినవాళ్ళు వాడే వార్ఫరిన్ కూడా డాక్టరు వెంటనే చూడాల్సినవే. అలాగని భయపడి మీ అంతట మీరు మానేయకండి. మాత్ర ఆపి ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదం. అదే రోజు ఫోన్ చేసి అడగండి.

3. ఎవరికి చూపించుకోవాలి

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద నాలుగో నెల నుంచి గర్భిణులకు డాక్టరు చెకప్ ఉచితం. రిస్క్ ఉన్నవాళ్ళ కార్డుకు ఎర్ర స్టిక్కర్ వేస్తారు. ఆ స్టిక్కర్ చూసి సిగ్గుపడి కార్డు దాచేసినవాళ్ళను చూశాను. నిజానికి క్యూలో ముందుకు పంపించేది, ఆశాను మీ ఇంటికి మళ్ళీ మళ్ళీ తిప్పేది అదే.

పీహెచ్‌సీ డాక్టరు మామూలు చెకప్‌లు, ఐరన్, బీపీ చూడగలరు. ఆ పైన ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి, ఆ పైన మెడికల్ కాలేజీ ఆస్పత్రులు. హైదరాబాద్‌లో పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆస్పత్రులు, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కాకినాడ, కర్నూలు జీజీహెచ్‌లు (ప్రభుత్వ పెద్దాసుపత్రులు), తిరుపతి, వరంగల్ ప్రసూతి ఆస్పత్రులు. వీటికి చుట్టుపక్కల జిల్లాల నుంచి కష్టమైన కేసులు వస్తూనే ఉంటాయి. రద్దీ ఉంటుంది, బెడ్డు పక్కన బెడ్డు ఉంటుంది, విసుక్కునే ఆయమ్మ కూడా ఉంటుంది. కానీ ఫిట్స్ వచ్చిన గర్భిణిని చూడటం అక్కడి డ్యూటీ డాక్టర్లకు అలవాటైన పని.

ప్రైవేటులో అయితే గైనకాలజిస్టుతో పాటు ఫీటల్ మెడిసిన్ డాక్టరని ఉంటారు. కడుపులో బిడ్డ స్కాన్లు, డాప్లర్ (బిడ్డకు రక్తం ఎలా అందుతుందో చూసే స్కాన్), ఉమ్మనీటి పరీక్ష, కవలల సమస్యలు వారి పని. అందరికీ అక్కర్లేదు. ఒకే మాయ పంచుకున్న కవలలు, టిఫాలో (బిడ్డ అవయవాలన్నీ చూసే ఐదో నెల స్కాన్) లోపం కనబడటం, బిడ్డ ఎదుగుదల ఆగడం, తల్లి నెగెటివ్ గ్రూపై ఒంట్లో యాంటీబాడీలు తయారవడం, ఇలాంటివాటికి తప్పక చూపించాలి. తల్లికి గుండె జబ్బు ఉంటే ఈ డాక్టరు చాలరు, కార్డియాలజిస్టు, మత్తు డాక్టరు కూడా కాన్పుకు ముందే చూడాలి.

ఎక్కడ చూపించుకున్నా ఐదో నెల లోపు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మేడమ్, ఈ కేసు కాన్పు దాకా మీరే చూస్తారా? ఏ పరిస్థితి వస్తే బయటికి పంపిస్తారు, ఎక్కడికి పంపిస్తారు?"

కొందరు డాక్టర్లకు ఈ ప్రశ్న నచ్చదు. అడగాల్సిందే. తొమ్మిది నెలలు ఫీజు తీసుకుని నొప్పులు మొదలయ్యాక "మా దగ్గర ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) లేదు" అన్న చోట్లు ఉన్నాయి. మా పెద్దమ్మ కోడలికి జరిగింది అదే. మంచి డాక్టరైతే "34 వారాల లోపు నొప్పులొస్తే నా దగ్గర వద్దు, ఫలానా చోటికి వెళ్ళండి" అని సూటిగా చెబుతారు. అలా చెప్పిన డాక్టరును వదులుకోకండి.

ఆస్పత్రి గురించి తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని: రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఆస్పత్రిలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా? బ్లడ్ బ్యాంకు అదే భవనంలో ఉందా, ఎవరో బండి మీద వెళ్ళి తేవాలా? నెలలు నిండని బిడ్డను ఎన్ని వారాల నుంచి చూడగలరు? తల్లికి ఐసీయూ ఉందా? రిసెప్షన్‌లో కాదు, లేబర్ రూమ్ సిస్టర్‌ను అడగండి. నిజం ఆమెకు తెలుసు.

4. ఒకే ఫైల్, ఒకే బీపీ పుస్తకం

ప్లాస్టిక్ కవర్లున్న ఫైల్ కొనండి. మొదటి పేజీలో ఒక కాగితం: పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, డ్యూ డేట్, రిస్క్ ఏమిటి, వాడే మందులు, పడని మందులు, ముందు కాన్పుల వివరం, ఇద్దరి ఫోన్ నంబర్లు. వెనక తేదీల వరుసలో రిపోర్టులు. స్కాన్ బొమ్మలు వేడికి వెలిసిపోయే కాగితం మీద వస్తాయి, కొన్ని నెలలకే తెల్లబడతాయి. బొమ్మ పోయినా ఫరవాలేదు, అక్షరాలున్న రిపోర్టు పేజీ పోకూడదు. ప్రతి కాగితం ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

బీపీ ఉన్నవాళ్ళు మెషీన్ కొనుక్కోవడం మంచిదే. మేమూ కొన్నాం, వారం రోజులు తప్పుగా చూశాం. చెల్లి వంటింట్లోంచి వచ్చి, చీర కొంగు సర్దుకుంటూ, నైటీ చేతి మీదే పట్టీ చుట్టి, నాతో ఫోన్లో మాట్లాడుతూ బటన్ నొక్కేది. ఒకసారి 152, రెండు నిమిషాలకు 128. టెన్షన్ దానికీ నాకూ. డాక్టరమ్మ మెషీన్ తెప్పించుకుని తన మెషీన్ పక్కన పెట్టి చూశారు, తేడా లేదు. తేడా అంతా మా పద్ధతిలో ఉంది.

సరైన పద్ధతి ఇది. మూత్రానికి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. పట్టీ ఒంటి మీద, గుడ్డ మీద కాదు. లావు చేయి ఉన్నవాళ్ళకు పెద్ద పట్టీ కావాలి, చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయాలి. 140/90 వస్తే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. పైది 160 గానీ కిందిది 110 గానీ తాకితే ఇంట్లో కూర్చోకూడదు, ఆస్పత్రికి బయల్దేరాలి.

5. జబ్బును బట్టి అడగాల్సిన సంగతులు

బీపీ గురించే ముందు చెబుతాను, తల్లి ప్రాణం మీదికి చెప్పకుండా వచ్చేది అదే కాబట్టి. 20 వారాల తర్వాత బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివరూ కిడ్నీ దెబ్బతినడమో మొదలైతే ప్రీ-ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అన్నది దాన్నే. ఇది వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్ళకు, అంటే ముందు కాన్పులో వచ్చినవాళ్ళు, ముందే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కవలలున్నవాళ్ళు, వీళ్ళకు తక్కువ డోసు ఆస్పిరిన్ 12 నుంచి 16 వారాల మధ్య మొదలుపెడతారు. "నాకు అవసరమా?" అని మీరే అడగండి, ఎందుకంటే ఐదో నెల తర్వాత అడిగితే ఆలస్యమైపోతుంది. ఫిట్స్ రాకుండా, వచ్చాక ఆపడానికి వాడే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉంటుంది. దూరం పంపేటప్పుడు మొదటి డోసు వేసే పంపుతారా అని అడగండి.

"కాళ్ళకు నీరు ఎవరికైనా వస్తుందిలే" అంటారు. పాదాలకు సాయంత్రం నీరు రావడం మామూలే. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బడం, ఉంగరం బిగిసిపోవడం మామూలు కాదు.

షుగర్‌కు మన దగ్గర 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకు రక్తం చూస్తారు. పరగడుపున ఉండక్కర్లేదు. 140 గానీ ఆ పైన గానీ వస్తే గర్భిణి షుగర్. మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేయాలి, మొదటిసారి బాగుంటే రెండోసారి ఎగ్గొట్టకూడదు. రెండు వారాలు తిండి మార్చి చూసి, తిన్న రెండు గంటలకు 120 లోపు రాకపోతే మందో ఇన్సులినో మొదలుపెడతారు. తిండి మార్చడమంటే అన్నం మానడం కాదు. కంచంలో అన్నం సగం చేసి, ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి. మధ్యాహ్నం ఒక్కసారే తినేది రెండుసార్లు చేసుకోండి. అన్నం తిన్నాక పావుగంట నడవండి. మామిడిపండ్ల కాలంలో కష్టమేనని ఒప్పుకుంటాను. ఇన్సులిన్ అంటే "జీవితాంతం పొడుచుకోవాలా" అని ఏడవకండి, చాలామందికి కాన్పుతోనే ఆపేస్తారు.

రక్తహీనతలో హిమోగ్లోబిన్ 11 లోపు ఉంటే తక్కువ, 7 లోపు తీవ్రం, ఆస్పత్రిలో చేరాలి. ఐరన్ మాత్రలు సరిగ్గా వేసుకుంటే నెలకు 1 గ్రాము దాకా పెరగాలి. పెరగకపోతే మాత్ర అరగడం లేదనో, లోపల ఇంకో కారణం ఉందనో అర్థం, సెలైన్‌లో ఐరన్ ఎక్కించే సంగతి అడగండి. ఐరన్ మాత్ర వేసుకున్న గంట ముందూ వెనకా టీ, కాఫీ, పాలు వద్దు, కాల్షియం మాత్ర అసలే వద్దు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, ఐరన్‌కూ కాల్షియంకూ దానికీ నాలుగు గంటల ఎడం.

నెగెటివ్ గ్రూపు తల్లికి, తండ్రి పాజిటివ్ అయితే, ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్‌గా పుడితే 72 గంటల లోపు మళ్ళీ. అబార్షన్ అయినా అడగాలి.

ముందు సిజేరియన్ అయి, ఇప్పుడు మాయ కిందికి ఉందని స్కాన్‌లో వస్తే చిన్న ఆస్పత్రిని మరిచిపోండి. మాయ పాత కుట్ల మీద అతుక్కుపోయి ఉండొచ్చు, రక్తం సీసాలు సీసాలు కావాల్సి రావచ్చు. బ్లడ్ బ్యాంకు, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రిలోనే, ముందే తేదీ అనుకుని ఆపరేషన్ చేయించుకోవాలి.

6. స్కాన్లు

11 నుంచి 14 వారాల లోపు ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీరు ఎంతుందో చూసేది), దాంతో పాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష. బిడ్డకు జన్యులోపం ఉండే అవకాశం ఎంతో ఈ రెండూ కలిపి చూస్తారు. 18 నుంచి 20 వారాల మధ్య టిఫా. దీన్ని వాయిదా వేయకండి. తీవ్రమైన లోపం బయటపడితే మళ్ళీ పరీక్షలకు, ఆలోచించుకోవడానికి సమయం కావాలి. 2021లో సవరించిన చట్టం ప్రకారం 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. ఆ తర్వాత హై రిస్క్ వాళ్ళకు 28 వారాల నుంచి రెండు మూడు వారాలకొక గ్రోత్ స్కాన్, అవసరాన్ని బట్టి డాప్లర్. ఆడా మగా అని మాత్రం అడగొద్దు, అది 1994 చట్టం ప్రకారం నేరం.

7. సీమంతమై పుట్టింటికి వెళ్ళే ముందు

ఇది అన్నిటికన్నా నిదానంగా చదవండి. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదిలోనో గాజులు తొడిగి పంపిస్తారు. ప్రీ-ఎక్లాంప్సియా, బిడ్డ ఎదుగుదల ఆగడం, ముందుగా నొప్పులు రావడం, ఇవన్నీ తలెత్తేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. అంటే రిస్క్ పెరిగే వారంలోనే మనం డాక్టరును, ఆస్పత్రిని, ఊరిని మారుస్తాం.

చెల్లిని హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం వైపు మా అమ్మ దగ్గరికి తెచ్చాం. 31వ వారంలో అక్కడ స్కాన్ తీస్తే బిడ్డ 29 వారాల సైజు ఉంది. డాక్టరు అడిగిన మొదటి మాట: "తొలి స్కాన్ రిపోర్టు ఏది?" అది ఉంటే బిడ్డ నిజంగా చిన్నగా ఉందో, లెక్కే తప్పో తేలిపోతుంది. ఫైల్ హైదరాబాద్ బీరువాలో ఉంది. మా మరిది ఆఫీసు నుంచి ఇంటికెళ్ళి, చీరల కింద వెతికి, ట్యూబ్‌లైట్ కింద ఒక్కో కాగితం ఫోటో తీసి పంపేసరికి రాత్రి పదకొండయింది. లెక్క సరిగ్గానే ఉంది, బిడ్డే చిన్నగా ఉంది. మర్నాడు పొద్దున డాప్లర్, మధ్యాహ్నానికి విశాఖ ప్రయాణం.

కాబట్టి నా సలహా: హై రిస్క్ అయితే అమ్మను కూతురి దగ్గరికి పిలిపించండి. సీమంతం చేసుకోండి, గాజులు తొడగండి, మనిషిని కదపకండి. అలా కుదరదంటే 28 వారాల లోపే మారండి. వెళ్ళేముందు పాత డాక్టరు దగ్గర ఒక రిఫరల్ ఉత్తరం రాయించుకోండి: రిస్క్ ఏమిటి, ఇప్పటిదాకా ఏం చేశారు, తర్వాతి స్కాన్ ఎప్పుడు, ఎన్ని వారాలకు కాన్పు అనుకుంటున్నారు. వెళ్ళిన వారంలోనే కొత్త డాక్టరుకు చూపించండి, ఒంట్లో బాగాలేనప్పుడు చూపిద్దాంలే అనుకోవద్దు. అక్కడి ఆశాకు కూడా చెప్పండి. "ఎనిమిదో నెలలో ప్రయాణం చేయకూడదు" అంటారే, ఆ మాట పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళడం మాత్రం ఆపకండి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అన్నదీ తప్పు. కడుపులో ప్రతి వారం గడిచేకొద్దీ బిడ్డకు మంచిదే.

పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ఊళ్ళల్లో రోడ్డు దాకా డోలీ మోయాల్సిన చోట కాన్పు తేదీకి ముందే కిందికి వచ్చి ఉండాలి. కొన్ని చోట్ల గర్భిణుల వసతి గృహాలున్నాయి, ఏఎన్‌ఎంను అడగండి.

8. అర్ధరాత్రి వస్తే

రక్తం కనబడటం, ఉమ్మనీరు పోవడం, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు లేదా మసక, పొట్ట పై భాగంలో కుడివైపు నొప్పి, ఫిట్స్, పడుకుంటే ఆయాసం, జ్వరం, 37 వారాల లోపు నొప్పులు, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. గ్యాస్ నొప్పి అనుకుని జెలూసిల్ తాగి పడుకున్నవాళ్ళలో కొందరిది లివర్ నొప్పి. కదలిక అనుమానంగా ఉంటే ఏదైనా తిని ఎడమవైపు తిరిగి పడుకోండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే, లేదా రోజూ ఉండే తీరు మారితే, బయల్దేరండి.

ఫోన్ 108కి. చెప్పాల్సిన వరుస: "గర్భిణి, ఇన్ని వారాలు, హై రిస్క్, కారణం ఇది, ఇప్పుడు జరుగుతున్నది ఇది, ఊరు, గుర్తు." 102 వేరు. తెలంగాణలో 102 అమ్మ ఒడి బండి చెకప్‌లకు తీసుకెళ్ళి దింపుతుంది, ఆంధ్రాలో 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కాన్పయ్యాక ఇంటికి చేరుస్తుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు 108. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టడం, చేతిలో తాళాలు పెట్టడం, నీళ్ళు పోయడం చేయకండి.

నెలలు నిండకుండా కాన్పు తప్పదనిపిస్తే, 34 వారాల లోపు బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేస్తారు. ఎప్పుడు వేశారో టైముతో సహా కాగితం మీద రాయించుకోండి. తర్వాతి ఆస్పత్రి అడుగుతుంది. వీలున్నంతవరకు కాన్పుకు ముందే, బిడ్డ కడుపులో ఉండగానే పెద్దాసుపత్రికి చేరండి. పుట్టాక బాక్సులో పెట్టి అంబులెన్సులో పంపడం కన్నా అది చాలా నయం.

9. కాన్పు తేదీ, డబ్బు, రక్తం

తేదీ డాక్టరు నిర్ణయం, జబ్బును బట్టి మారుతుంది. ప్రీ-ఎక్లాంప్సియా తీవ్రంగా లేకపోతే 37 వారాలకు, తీవ్రమైతే 34కే, ఒక్కోసారి ఇంకా ముందే. ముహూర్తం పెట్టించుకోవాలనుంటే డాక్టరు ఇచ్చిన రెండు రోజుల్లోనే వెతకమని పంతులుగారికి చెప్పండి. మూఢమనో అమావాస్య అనో వారం జరపడం, మంచి నక్షత్రమని వారం ముందుకు తేవడం, రెండూ వద్దు.

2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం ఉచితం. ప్రైవేటులో చేరేవాళ్ళు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ మీ కేసుకు వర్తిస్తాయా అని చేరకముందే ఆరోగ్యమిత్రను (ఆస్పత్రిలో ఈ పథకాల సంగతి చూసే మనిషి) అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే బిడ్డ ఎన్‌ఐసీయూ ఖర్చు మొదటి రోజు నుంచి ఇస్తారా లేదా పాలసీలో చూసుకోండి. తల్లి బిల్లు కన్నా అదే ఎక్కువవుతుంది. రక్తానికి ఇద్దరు దాతలను ముందే అనుకోండి, వాళ్ళు ఆ వారం ఊళ్ళో ఉంటారో లేదో కూడా అడగండి.

10. బిడ్డ పుట్టాక

చెల్లికి 36 వారాలకు సిజేరియన్ అయింది. పాప తొమ్మిది రోజులు బాక్సులో ఉంది. అందరి కళ్ళూ పాప మీదే. నాలుగో రోజు చెల్లి తలనొప్పి అంటే "నిద్ర లేకే" అన్నాను నేనే. సిస్టర్ వచ్చి బీపీ చూస్తే 164. కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్ళీ పెరగొచ్చు, అప్పుడూ ఫిట్స్ రావచ్చు. డిశ్చార్జి అయినా మొదటి రెండు వారాలు రోజూ బీపీ రాయండి.

పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించకండి. సిజేరియనైన మనిషి నీళ్ళు తక్కువ తాగి మంచం దిగకుండా పడుకుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే చూపించండి. చెవుల్లో దూది పెట్టుకోమంటే పెట్టుకోండి, నష్టం లేదు. కారప్పొడి అన్నమే పదకొండు రోజులంటే మాత్రం ఒప్పుకోకండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు కావాలి.

గర్భిణి షుగర్ వచ్చినవాళ్ళు ఆరు వారాలకు మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. బీపీ వచ్చినవాళ్ళు అప్పుడే బీపీ, మూత్రం చూపించుకోవాలి. ఆ చెకప్ తేదీని పాప మొదటి టీకాల కార్డు మీదే రాయించుకోండి. పిల్ల టీకా ఎవరూ మరిచిపోరు, అదే రోజు తల్లినీ చూపించి రావచ్చు. డిశ్చార్జి కాగితంలో సిజేరియన్ ఎందుకు చేశారో, ఎన్ని వారాలకో, ఎంత రక్తం ఎక్కించారో స్పష్టంగా లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి. ఆ కాగితం కూడా అదే ఫైల్లో పెట్టండి. మా చెల్లి ఫైల్ ఇప్పుడు బీరువాలో చీరల కింద కాదు, పాప టీకాల కార్డు పక్కన ఉంది.